అక్క ట్రంపెట్

బావగారికి,

నలభై ఏళ్ల కిందటి ఆ జాజ్ రికార్డింగులో ట్రంపెట్ ఎవరిదో తేల్చమని రేడియో వాళ్లు నాకూ రాశారు. ఆ రోజు డ్రమ్స్ వాయించింది నేనే కదా. ట్రంపెట్ మీదేనంటూ మీరు రాసిచ్చిన కాగితం నకలు కూడా జతచేశారు.

ఆ రోజు మీరు అక్క కోటు పట్టుకుని స్టూడియో బయట నిలబడ్డారు. లోపల అక్క ఆఖరి స్వరాన్ని ఒక్క ఊపిరితో అంతసేపు నిలబెడితే నా చేతులు ఆగిపోయాయి. పెళ్లయిన నెలకే మీరు ఆ ట్రంపెట్ అమ్మేశారు.

మొన్న అక్కకు ఫోన్ చేస్తే, "పోనీలేవే, ఈ వయసులో నాకెందుకా పేరు? ఆయన్ని సంతోషపడనీ" అంది.

అక్క మాట నేను కాదనలేదు. వాయించింది మీరేనని సంతకం పెట్టి పంపాను. అంతటి కళాకారుణ్ణి ఊరికే వదలొద్దు, సభ పెట్టి అదే పాట వాయించమనండి అని కూడా రాశాను. వాళ్లు వెంటనే ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం, ప్రత్యక్ష ప్రసారం.

నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతారు, ఇవాళే సాధన మొదలుపెట్టండి. ట్రంపెట్ నేను తెస్తాను. మీరు అమ్మిందే. మర్నాడు ఆ కొట్లో కొన్నది నేనే.

మధ్యలో ఊపిరి అందకపోతే ముందు వరుసలో ఉన్న అక్క వైపు మాత్రం చూడకండి. ఆమెకు ట్రంపెట్ పట్టుకోవడం కూడా రాదని ఆ కాగితంలో రాసింది మీరే.

మీ మరదలు