నాన్న పక్కన పాతిపెట్టే గ్రంథం

హథూర్ నెల, 3వ రోజు
మా యూదుల సమాజమందిరం పెద్ద నికోను మళ్ళీ వచ్చాడు, ఖర్జూరాల బుట్టతో. నాన్నగారికి ఎలా ఉందమ్మా, రాత్రి నిద్ర పట్టిందా అంటూ గుమ్మంలోనే ప్రేమ ఒలకబోశాడు. రోజూ వచ్చి చూసిపోవడానికి మా నాన్న వాడికి బావా, తమ్ముడా?

హథూర్ 4
తెలిసింది. నికోను భార్యే నోరు జారింది. ఒళ్ళు మండిపోతోంది.

మా గ్రీకు ధర్మశాస్త్రాన్ని మందిరంలో ఇక చదవరట, హీబ్రూలోనే చదువుతారట. అలెగ్జాండ్రియాలో స్థిరపడి హీబ్రూ మరిచిపోయిన మా తాతముత్తాతలు గ్రీకులోకి మార్పించుకున్న గ్రంథం అది. క్రీస్తువాళ్ళు అందులోంచే వాక్యాలు ఏరుకుని మా మీదికే వాదానికి వస్తున్నారని పెద్దల కోపం. వాడకం మానిన గ్రంథాన్ని కాల్చకూడదు, పారేయకూడదు. పండితుడెవరైనా పోయినప్పుడు ఆయన పక్కన పాతిపెట్టాలి. జీవితమంతా దాన్ని చదివి వినిపించిన దొసితేయు కంటే తగినవాడు ఎవరున్నారు అన్నాడట నికోను.

దొసితేయు మా నాన్న. అంటే ఈ రాకపోకలన్నీ ఆయన ఎప్పుడు పోతాడో చూసుకోవడానికి! ఖర్జూరాలు మేక ముందు పోశాను.

హథూర్ 5
నాన్నకు చెప్పకూడదనుకున్నాను. చెప్పేశాను. నవ్వాడు. నేను పోయేదాకా ఆగుతున్నారా, మర్యాదస్తులే అన్నాడు. కాసేపటికి గోడవైపు తిరిగి, ఇక మీ ఆడాళ్ళకి ఏం అర్థమవుతుందే అన్నాడు. నాకు హీబ్రూ ఒక్క ముక్క రాదు.

హథూర్ 6
ఎదురింటి హెరాయిస్ క్రీస్తుమనిషి. పప్పుచారు తెచ్చింది. మా దగ్గరా అదే గ్రంథం ఉందక్కా, వినాలనిపిస్తే మా ఇంటికి రండి అంది. మా సొత్తు పట్టుకుపోయి మమ్మల్నే పిలుస్తావటే, ఇదంతా మీవల్లే కదే అని వీధంతా వినబడేలా అరిచాను. చారు తిప్పి పంపాను.

హథూర్ 11
నాన్న పోయాడు.

హథూర్ 12
గ్రంథాన్ని మట్టికూజాలో పెట్టి, మూత బిగించి, నాన్న పక్కన దించారు. నికోను ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, అందుకే ఇంకా మండింది. మరెందుకు చేశావయ్యా అని నిలదీశాను. మనవాళ్ళు క్రీస్తువాళ్ళలోకి పోకుండా మనకి మిగలాలి తల్లీ అన్నాడు.

హథూర్ 14, విశ్రాంతి దినం
యూదయ దేశం నుంచి పిలిపించిన పండితుడు హీబ్రూలో చదివాడు. ఆడవాళ్ళం గోడలు చూస్తూ కూర్చున్నాం. నికోను కూడా బిక్కమొహం వేశాడు. వాడికీ రాదు!

హథూర్ 22
పోట్లాడదామనే హెరాయిస్ ఇంటికి వెళ్ళాను. లోపల అదే గ్రంథం గ్రీకులో చదువుతున్నారు. సముద్రం చీలే వాక్యం దగ్గర నాన్న ఆగి ఊపిరి తీసుకునేవాడు. వీళ్ళూ అక్కడే ఆగారు.

ఆమేన్ అన్నాను. గట్టిగా. నా నోరు పడిపోను.