మాత్రతో ఇచ్చిన రసం

రత్నాకర్,

రాగానే పడుకో, మళ్ళీ కారు తియ్యకు. పంపరపనస రసం ఇంక ఎక్కడా తాగకు. సీసాలో ఉన్నదంతా సింకులో పోసేశాను. నాలుగుసార్లు ఫోన్ చేశాను, నువ్వు ఎత్తలేదు.

ఆ రసం రక్తనాళాలకు మంచిదని పుస్తకంలో చదివి, నెల రోజులుగా నీ బీపీ మాత్ర దాంతోనే మింగించాను కదా. ఇవాళ మాత్రల పెట్టెలో కాగితం ఉంటే, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాను. పండు మీద స్టిక్కరులో ఉన్న పేరే అందులోనూ ఉంది, తాగకూడదని! పైవాటాలో నర్సు సునందకు చూపించాను. "అయ్యో పిన్నిగారూ, రసం మంచిదే, ఈ మాత్రతో మాత్రం కాదు. మందు ఒంట్లో ఎక్కువైపోయి బీపీ మరీ పడిపోతుంది" అంది. మొన్న స్టేడియం మెట్ల మీద నీకు కళ్ళు తిరిగితే ఎండ అనుకున్నాం. ఎండ కాదేమో నాన్నా, నేనేనేమో.

పెట్టె తీసుకుని సునందతో డాక్టరు దగ్గరకు వెళ్తున్నాను. ఆయన చెప్పేదాకా మాత్రలు నీ అంతట నువ్వు మానొద్దు. అన్నం, చారు పొయ్యి మీద ఉన్నాయి.

అమ్మ

స్టేడియంలో వరల్డ్ కప్ పనులు, టైమైపోయింది, రసం వద్దు అని పొద్దున నువ్వు విసుక్కుంటే, అలిగి గేటు దాకా రాలేదు. మీ నాన్న పనికెళ్ళి తిరిగి రాని రోజున కూడా ఇలాగే అలిగి వంటింట్లో ఉండిపోయాను. ఇల్లు చేరగానే ఫోన్ చెయ్యి. రేపు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని గేటు దాకా వస్తాను.