పెనుకొండ మంటపం చూపించిన ఓబమ్మ

అనంతపురం, 15-2-82

కదిరమ్మక్కకు తమ్ముడు ఎర్రిస్వామి నమస్కారాలు. నా గైడు పని నిలబడింది, దిగులు పడొద్దు.

సినిమాలు తీసిన చోట్లు చూపించే బస్సును నిన్న మొదటిసారి నా ఒక్కడికే అప్పగించారు. పొద్దున గుత్తి కోటలో బాగానే చెప్పాను. మధ్యాహ్నం పెనుకొండ కొండెక్కాక ఒక పెద్దాయన, "హీరోయిన్ ఏడ్చిన మంటపం యాడుండాదప్పా?" అని అడిగాడు. నాకు తెలియదు. ఏదో ఒకటి చూపిద్దామన్నా మనసొప్పలేదు. "తెలీదు సార్" అనేశాను. బస్సు యజమాని బావమరిది పక్కనే ఉన్నాడు. పని పోయిందనే అనుకున్నాను.

అక్కడ మేకలు మేపుతున్న ఓబమ్మ అనే పెద్దామె లేచి వచ్చింది. "నేను చూపిస్తా రాండి. ఆ కరువేడు షూటింగుకు నీళ్లు మోసినోళ్లం మేమే. ఆ యమ్మ ఎండకు సొమ్మసిల్లితే నా కడవలో నీళ్లే తాగింది" అంది. గంటసేపు చెప్పింది, ఒక్కరూ కదల్లేదు. దిగేటప్పుడు చేతులెత్తి దండం పెట్టాను. "ఇన్నేండ్లకు అడిగినోళ్లు దొరికినారు, ఊరికే ఉంటానా నాయనా" అంది. బావమరిది ఆమెను ప్రతి ఆదివారం కూలికి రమ్మన్నాడు. నన్నూ ఉండమన్నాడు.

మీ బోరులో నీళ్లు పడ్డాయా? బావ దగ్గు తగ్గిందా? నాకు ఉలవలు పంపొద్దు, వండుకునే తీరిక లేదు. బావకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు.

కార్డులో చోటు లేక అంచున రాస్తున్నాను. నీకు వదులయ్యాయని దాచిన కొత్త చెప్పులు గోరంట్ల బస్సు కండక్టరుకిచ్చి పంపు. ఓబమ్మ ఆ రాళ్ల మీద ఉత్త కాళ్లతో నడుస్తోంది.