రోడ్డు మీద నుంచి చూసిన పొలం

జనవరి 27
చలి. పర్చూరు వైపు ఆరు పొలాలు నడిచాను. చెప్పులు విడిచి, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా. గుంట గానీ మోడు గానీ ఉంటే కంటికంటే ముందు అరికాలికే తెలుస్తుంది.

గ్లైడరుకి ఇంజను ఉండదు. తాడుతో లాగి వదిలితే వేడిగాలి పట్టుకుని పైకి పోతుంది. అది అందకపోతే ఏదో ఒక పొలంలో దిగిపోవాలి. ఆ పొలాలు చూసి, నంబర్లేసి రాసిపెట్టడం నా పని. దిగాక జీపేసుకుని వెళ్లి తీసుకురావడమూ నాదే.

ఈసారి మా పైలట్ పిల్ల నస్రీన్ సత్తెనపల్లి అవతల దాకా పోయి తిరిగొస్తుందట. మా క్లబ్బులో అంత దూరం ఎవరూ పోలేదు.

జనవరి 29
పదిహేడో నంబరు బావ పొలం. చెల్లి పోయినప్పుడు ఆయనా నేనూ అనకూడని మాటలు అనుకున్నాం. అప్పట్నుంచి ఆ గట్టెక్కలేదు. ఇవాళా ఎక్కలేదు. మోపెడ్ ఆపి రోడ్డు మీద నుంచే చూశాను. శనగ పీకేశారు. నల్లగా, చదునుగానే ఉంది.

బావ పొలంలోనే ఉన్నాడు, అటు తిరిగి. ఇటు చూసేలోపు వచ్చేశాను.

"బాగుంది" అని రాశాను.

ఫిబ్రవరి 1
కాగితం ఇచ్చేశాను. క్లబ్బు నడిపే కెప్టెన్ గారు మ్యాపు మీద నంబర్లు అంటించారు. ఫోన్లో పైనుంచి అన్నీ కనపడతాయి కదా అన్నారెవరో. "ఆ ఫోటోల కంటే మా బాబాయ్ కాళ్లే నయం" అంది నస్రీన్. అందరూ నవ్వారు. నేను టీ గ్లాసులు తీస్తూ ఉండిపోయాను.

ఫిబ్రవరి 3
టీ కొట్టు దగ్గర బావ వాళ్ల పాలేరు కనపడ్డాడు. "మీ బావ సగం చేను కౌలుకిచ్చాడు. మొక్కజొన్నేశారు. పందులొస్తన్నాయని నడిమధ్యన తీగ లాగారు."

ఏ చేనురా అన్నాను.

"రోడ్డు పక్కదే."

సన్న తీగ. నడుమెత్తు. పైనుంచి కనపడదు. ఆ రోజు రోడ్డు మీద నుంచీ కనపడలేదు నాకు.

ఫిబ్రవరి 4
చెప్పాలనే వెళ్లాను. నస్రీన్ రెక్కల సందులకి టేపు అంటిస్తోంది. నన్ను చూసి — "ఏంటి బాబాయ్, నోట్లో ముద్ద పెట్టుకున్నట్టున్నావ్?"

ఏం లేదమ్మా... రేపు మంచినీళ్లు ఎక్కువ పెట్టుకో అన్నాను.

అంతే అన్నాను.

ఫిబ్రవరి 5
పదకొండింటికి నస్రీన్ గ్లైడరు లేచింది. మిరప కల్లాల మీద రెండు చుట్లు తిరిగి చుక్కంతయి పోయింది. రేడియో పక్కనే కూర్చున్నాను.

మూడున్నరకి రేడియోలో — "పర్చూరు దగ్గర ఉన్నా. గాలి చచ్చిపోయింది. పదిహేడుకి పోతున్నా."

కెప్టెన్ గారి చేతిలోంచి రేడియో లాక్కున్నాను. ఎప్పుడూ ముట్టుకోలేదు దాన్ని. "పదిహేడొద్దమ్మా! తీగుంది! మధ్యలో తీగుంది!"

గరగర... ఏమీ లేదు. కెప్టెన్ గారు నన్నే చూస్తున్నారు.

తర్వాత — "సరే. పన్నెండు."

పన్నెండు నేను నడిచిందే. వెళ్లేసరికి ఊరంతా అక్కడే ఉంది. పొలం ఆయన — "ఏవయ్యా, నా చేలో దించమని ఎవడు చెప్పాడు?" నేనేనండి అన్నాను. ఆయన గ్లైడరు చుట్టూ తిరిగొచ్చాడు. "ఇంజనే లేదంటగా! అమ్మాయికి మజ్జిగన్నా తేండ్రా!"

జీపులో నస్రీన్ నీళ్ల సీసా ఖాళీ చేసింది. తర్వాత — "ఆ తీగ ఎప్పుడు కట్టారు బాబాయ్?"

నువ్వు చూశాకేనా అనలేదు. అనుంటే బాగుండేది.

"మొన్నీమధ్యే" అన్నాను.

ఫిబ్రవరి 6
కెప్టెన్ గారు అందరి ముందూ భుజం తట్టారు. సుబ్బయ్య లేకపోతే ఏమయ్యేదో అన్నారు. ఆదివారం మూడు గ్లైడర్లు పంపుతారట, ఇదే దారిలో.

"మిగతావన్నీ నడిచి చూసినవే కదా?"

తలూపాను.

పదిహేడు అలా రాశాక... పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై కూడా మోపెడ్ దిగకుండానే రాశాను. ఒకసారి రోడ్డు మీద నుంచి రాస్తే, రెండోసారి చెయ్యి ఆగదు.

ఫిబ్రవరి 7
పద్దెనిమిది నడిచాను. బాగానే ఉంది. పంతొమ్మిదిలో నీళ్లు కట్టారు, చీలమండ దాకా కాలు దిగబడింది. ఇరవైకి పోయేలోపు మోపెడ్ పంక్చరు.

తోసుకుంటూ ఇంటికొచ్చేశాను. ఎవరికీ ఫోన్ చేయలేదు.

ఫిబ్రవరి 8, ఆదివారం
క్లబ్బు షెడ్డులో కూర్చుని రాస్తున్నా. ఎనిమిదైంది. మూడు గ్లైడర్లూ బయట పెట్టేశారు. పిల్లలు తుడుస్తున్నారు.

పంతొమ్మిది కొట్టెయ్యండి అంటే — ఎందుకంటారు. నిన్న నీళ్లు కట్టారండీ అనొచ్చు. నిజమే అది. మరి ఇరవై? దానికేం చెప్పాలి...

ఈ పేజీలు చింపి చేతికిస్తే చాలేమో. వద్దు. నోటితోనే.

కెప్టెన్ గారి జీపు ఆగింది. నస్రీన్ కూడా దిగుతోంది.