మళ్ళీ నిష్క్రియుల లెక్కలోకి

ప్రాంతీయ గణాంక కార్యాలయపు అధికారి గారి సముఖమునకు,
మోల్ఫెత్తా రేవు వీధి నివాసి కొర్రాదా మినెర్వీని వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: శ్రామిక సర్వేలో నన్ను 'ఉద్యోగి'గా మార్చిన నమోదును రద్దుపరచి, పూర్వమువలె 'ఆర్థికంగా నిష్క్రియురాలు'గా ఉంచుట గురించి.

1. గత వసంతకాలమున తమ సర్వే ఉద్యోగిని దెబొరా గారు మా ఇంటికి వచ్చి ఉన్నారు. ఆ సమయమున నేను మా అమ్మ వీటాకు చిక్కుడు గింజల గుజ్జు తినిపించుచుంటిని. పక్షవాతము వలన అమ్మకు కుడివైపు పడిపోయినది. కావున జవాబులన్నియు చెంచా చేతిలో ఉండగానే ఇచ్చితిని.

"పోయిన వారం జీతానికి కనీసం ఒక్క గంటైనా పని చేశారా మేడం?"

"లేదమ్మా."

"ఈ నాలుగు వారాల్లో ఎక్కడైనా పని కోసం అడిగారా?"

"ఈవిడని ఎవరి మీద వదిలేసి అడగను?"

"అంటే, లేదు." ఆ అమ్మాయి రాసుకుంది. "మిమ్మల్ని ఆర్థికంగా నిష్క్రియులు అంటారు మేడం. తిట్టు కాదండీ. అన్ని దేశాల్లోనూ ఇదే కొలత."

అమ్మ మంచం మీంచే అందుకుంది. "ఏమంటోందే అది? నువ్వు సోమరిదానివనా? చీపురు ఇలా ఇవ్వు, ఎడమ చెయ్యి బాగానే ఉంది నాకు."

ఈ అంశముపై నాకు ఎట్టి అభ్యంతరమూ లేదు.

2. తదుపరి టీవీలో మన ఖండమున ఏ దేశపు ఆడవాళ్ళు ఎంతమంది పని చేస్తున్నారో వరుసగా చూపిరి. మన దేశం అట్టడుగున ఉన్నది. జర్మనీ బాగా పైన ఉన్నది. నా చెల్లెలు నున్సియా అక్కడి ఉల్మ్ పట్టణమున ఫ్రౌ హెడ్విగ్ అను వృద్ధురాలికి స్నానము చేయించి, తినిపించి, పక్క మార్చు ఉద్యోగము చేయుచున్నది. టీవీ సంగతి ఫోన్‌లో చెబితే ఒకటే నవ్వింది.

"అక్కా, నేనిక్కడ ముసలమ్మ వీపు రుద్దితే ఉద్యోగం. నువ్వక్కడ అమ్మ వీపు రుద్దితే ఖాళీగా కూర్చున్నట్టు. ముసలమ్మల్ని మార్చుకుందామా? ఇద్దరం లెక్కలోకొస్తాం."

నవ్వులాటకన్న మాటే నిజమైంది. నున్సియాకి కొన్నాళ్ళు అమ్మ దగ్గర ఉండాలని ఎప్పటినుంచో ఉంది. సెలవు పెట్టాలంటే బదులు మనిషిని చూపాలి. ఫ్రౌ హెడ్విగ్ కొడుకు నన్ను జీతానికి ఒప్పుకున్నాడు. అమ్మని అడిగాను.

"వెళ్ళవే. పుట్టి బుద్ధెరిగాక ఈ రేవు దాటావా? దాని చేతి కూడు తిని బతుకుతానో లేదో నేనూ చూస్తాను."

3. ఉల్మ్‌లో పని నాకు కొత్త కాదు. నీళ్ళ వేడి మోచేతితో చూడడం, చంకల కింద చెయ్యేసి లేపడం, అంతా ఒకటే. వాళ్ళ భాష రాదు. ఫ్రౌ హెడ్విగ్ నన్ను నున్సియా అనే పిలిచేది. పలికేదాన్ని.

ఒక గురువారం మధ్యాహ్నం ఆమె వీపుకు సబ్బు రాస్తుండగా చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, అమ్మ..." అంది.

"తిన్నదా?" అన్నాను.

"తిన్నది. తిన్నాకే."

ఫోన్ పెట్టేసి ఫ్రౌ హెడ్విగ్ ఒంటి సబ్బు కడిగాను. సబ్బుతో ఉన్న మనిషిని వదిలేయకూడదు కదా అయ్యా. తుడిచాను. చొక్కా తొడిగాను. జుట్టు దువ్వాను. ఆమె కొడుకు ఊళ్ళో లేడు. ఆయన వచ్చి, నేను రైలెక్కి ఇల్లు చేరేసరికి ఇక్కడ అన్నీ అయిపోయాయి. నున్సియా కుర్చీలన్నీ గోడకి చేర్చి, నేల కడుగుతోంది.

4. పిమ్మట దెబొరా గారు ఫోన్ చేసి, నిబంధనల మేరకు రెండవ విడత ప్రశ్నలు వేసిరి. వారు అడిగిన వారము ఆ గురువారమున్న వారమే.

"ఆ వారం జీతానికి కనీసం ఒక్క గంట పని చేశారా మేడం?"

"చేశాను."

"అబ్బ! మొత్తానికి మారిందండీ. అభినందనలు మేడం. అమ్మగారెలా ఉన్నారు?"

చెప్పాను. అటునుంచి కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"మేడం, అది రాయడానికి ఇక్కడ చోటు లేదండీ," అంది చివరికి.

ఆమె తప్పేమీ లేదు. ఆమెను ఏమీ అనవద్దని మనవి. సెలవులో ఉన్నవాళ్ళూ ఉద్యోగులే అవుతారని కూడా ఆమే చెప్పింది. అంటే అమ్మకి ఆఖరి ముద్ద పెట్టిన నా చెల్లెలూ ఆ వారం ఉద్యోగే. ఆ వారం మా ఇంట్లో నిష్క్రియులు ఎవరూ లేరు.

5. మన ప్రాంతమున స్త్రీల నిష్క్రియత స్వల్పముగా తగ్గినదనియు, ఇది హర్షదాయకమనియు తమరు ప్రకటించినట్లు పత్రికలో చదివితిని. ఆ తగ్గుదలలో నేనున్నాను. నన్ను తీసేయండి. లెక్క తప్పని నేననడం లేదు. పని చేశాను, జీతం తీసుకున్నాను. అయినా ఆ ఒక్క వారానికి నన్ను పాత చోటనే, అమ్మ పక్కనే ఉన్నట్టుగా, ఉంచమని వేడుకొనుచున్నాను.

ఇంతకు మించి కోరునది లేదు. నా విన్నపము చిత్తగించి, తగు ఉత్తరువు దయచేయవలెను.

తమ విధేయురాలు,
కొర్రాదా మినెర్వీని

తా.క.: జవాబు తెచ్చే తపాలా మనిషిని పొద్దున రావద్దనండి. పొద్దున నేను రేవు గోడ మీద కూర్చుని ఉంటాను. ఇంట్లో చేయడానికి పనేమీ లేదు.