సున్నా మడి

గిరావీన్
జూన్ 24

ప్రియమైన సోనియాకు,

నా రాత బాగుండదు, తప్పులు కూడా ఉంటాయి. ఏమీ అనుకోవద్దు. ఫాదర్ గారి బడిలో ఐదో తరగతి వరకే చదివాను. అది కూడా కోతలప్పుడు మానేస్తూ. ఈ దేశంలో జూన్ అంటే చలికాలం, వేళ్ళు బిగుసుకుపోయి అక్షరం పక్కకి పోతోంది.

ఫోన్‌లో నువ్వు చెప్పేది నాకు సగమే వినబడుతుంది. మిగతా సగం మీ సుగుణత్త పక్కన నిలబడి అరుస్తుంది. ఆ అరుపుల్లో నేను అడగాలనుకున్నది మర్చిపోతాను. అందుకని ఈ ఉత్తరం.

నువ్వు గోధుమ వేశావని అత్త చెప్పింది. నేను మిరప, పత్తి, వరి వేశాను. గోధుమ చేను కళ్ళతో చూడలేదు. దుక్కిలో ఏం వేశావు? యూరియా పైపాటుగా ఎన్నిసార్లు చల్లుతావు? నీళ్ళు పెడతారా, వానే ఆధారమా? చదువుకున్నదానివి, నీకు నేను చెప్పేదేమీ లేదు. తెలుసుకుందామని అడిగాను.

ఇక్కడ అత్త ఇంట్లో అందరం క్షేమం. ఆదివారం చర్చిలో పూజకి వెళ్ళి వస్తూ హారిస్ పార్క్‌లో వంకాయలు కొన్నాం. రుచి లేదు.

ఇట్లు,
మీ తాతయ్య,
బాలశౌరి


ప్రయోగ క్షేత్రం
జూలై 6

ప్రియమైన తాతయ్యా,

నీ ఉత్తరం జాక్లిన్ తెచ్చి ఇచ్చింది. "నీకెవరో చక్కని బొమ్మలు గీసి పంపారు" అంది. మన అక్షరాలు ఆవిడ కంటికి బొమ్మలట! జాక్లిన్ అంటే ఇక్కడ విత్తనం వేసే యంత్రం, ఎరువు చల్లే యంత్రం నడిపే ఆవిడ. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే పని. అందరినీ "లవ్" అని పిలుస్తుంది, మా ప్రొఫెసర్‌ని కూడా.

నువ్వడిగినవి చెబుతాను. ఇక్కడ నీళ్ళు పెట్టరు. వాన ఎంత పడితే అంతే. చిక్కంతా అక్కడే ఉంది. యూరియా తక్కువైతే గింజలో మాంసకృత్తులు తగ్గుతాయి, ధర పలకదు. ఎక్కువైతే పైరు ఏపుగా లేచి భూమిలో తడంతా ముందే తాగేస్తుంది. తీరా పాలు పోసుకునే వేళకి నేలలో ఏమీ ఉండదు. గింజ నొక్కుకుపోతుంది. ఈ రెండింటికీ మధ్య సరైన మోతాదు ఎంత? అదే నా థీసిస్.

నాలుగు మోతాదులు. ఒక్కో మోతాదు నాలుగుసార్లు, అంటే నాలుగు వరసల్లో మొత్తం పదహారు మడులు. ఒక్కోటి మన ఇంటి వసారా అంత ఉంటుంది. నాలుగు మోతాదుల్లో ఒకటి సున్నా. వరసకో సున్నా మడి. దానికి యూరియా వేయం. మిగతావన్నీ దానితో పోల్చి చూస్తాం.

ఒక్కటే భయం. నాకీ సీజన్ ఒక్కటే ఉంది. డిసెంబర్‌తో స్కాలర్‌షిప్ అయిపోతుంది. ఇది పాడైతే మళ్ళీ విత్తడానికి వచ్చే మే దాకా ఆగాలి. ఆగడానికి నాకు వీసా లేదు. డిగ్రీ లేకుండా మన ఊరికి తిరిగి వెళ్ళడమే.

ఆగస్టు తొమ్మిదిన చుట్టుపక్కల రైతులు చేలు చూడటానికి వస్తారు. అత్తతో నువ్వూ రా. స్వెట్టర్ మర్చిపోకు.

నీ,
సోనియా


గిరావీన్
ఆగస్టు 14

ప్రియమైన సోనియాకు,

క్షేమంగా చేరాం. నీ చేను బాగుంది. పదహారు మడులూ తిరిగి చూశాను. ఎక్కువ మోతాదు వేసినవి నల్లగా నిగనిగలాడుతున్నాయి. పిలకలు కూడా బాగా పెట్టాయి.

సున్నా మడులే మనసులో మెదులుతున్నాయి. ఆకులు పసుపెక్కి, కిందవి ఎండిపోతున్నాయి. అందరూ నడిచే దారి పక్కనే, మూడో వరసలో ఉన్నది మరీ పాలిపోయింది. నువ్వేమో పెద్ద టోపీ పెట్టుకుని వచ్చినవాళ్ళకి ఇంగ్లీషులో గడగడా చెబుతున్నావు. నాకు గర్వంగా ఉంది. పక్కనే ఆ మడి. ఎందుకో తల దించుకున్నాను.

అక్కడ వాన పడిందా? ఒక్క మంచి వాన పడితే చాలు. పది రోజులు ఓపిక పట్టు. నీకే కనబడుతుంది.

మీ అత్త నా స్వెట్టర్ ఉతకబోతూ "నాన్నా, జేబులో ఈ సగ్గుబియ్యం ఏంటి?" అని అడిగింది. స్వెట్టర్ తీసుకుని జేబు నేనే దులిపేశాను.

జాక్లిన్ గారిని అడిగానని చెప్పు. టీ ఇచ్చింది ఆ రోజు.

మీ తాతయ్య,
బాలశౌరి


ప్రయోగ క్షేత్రం
సెప్టెంబర్ 8

తాతయ్యా,

నాకేం చేయాలో తోచడం లేదు. నీకు తప్ప ఎవరికీ ఇంత వివరంగా రాయలేను.

నువ్వు వెళ్ళిన వారానికి మంచి వాన పడింది. మేమంతా సంబరపడ్డాం. తర్వాత రెండు వారాలకి చూస్తే మూడో వరసలో సున్నా మడి ఆకుపచ్చగా మారుతోంది. మొదట నా కళ్ళే మోసం చేస్తున్నాయనుకున్నాను. ఆకు కోసి పరీక్షకి పంపితే నత్రజని నిండా ఉంది. ఎవరో యూరియా వేశారు.

ఒక్క మడే కదా అనుకోకు. మిగతా మూడు సున్నా మడుల్లో కొద్దిగా పడిందో లేదో ఎవరు చెప్పగలరు? యంత్రంలోంచి జారి ఉంటే పక్క మడుల్లోనూ పడి ఉంటుంది. ఏ మడిలో, ఏ రోజు, ఎంత పడిందో తెలియకపోతే సున్నా మడులన్నీ తీసేయాలని ప్రొఫెసర్ అన్నారు. సున్నా మడులు లేకపోతే థీసిస్ లేదు తాతయ్యా. నేల తనంతట తాను ఎంత ఇస్తుందో చెప్పేవి అవే. అది తెలియకుండా యూరియా ఎంత ఇచ్చిందో ఎలా తెలుస్తుంది?

నువ్వు వచ్చిన వారం జాక్లిన్ ఎరువు యంత్రాన్ని ఆ పక్కగానే తీసుకెళ్ళింది. ఆ మాట నేనే ప్రొఫెసర్‌కి చెప్పాను. ఆయన జాక్లిన్‌ని పిలిచి అడిగారు. "నా చెయ్యి తడబడితే నేనే ముందు చెబుతా, లవ్" అంది. ఇంకేదో చెప్పబోయి ఆగిపోయింది. బయటికి వచ్చాక నన్ను చూసి "మీ తాతగారు ఎలా ఉన్నారు?" అంది. మాట మార్చడం కాకపోతే ఏమిటది?

అక్టోబర్ మూడు, శుక్రవారం పది గంటలకి సమావేశం. ఆ రోజు తేలుస్తారు. తప్పు జాక్లిన్‌దే అంటే ఆవిడ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు.

నిద్ర పట్టడం లేదు.

సోనియా


గిరావీన్
సెప్టెంబర్ 13

ప్రియమైన సోనియాకు,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను.

జాక్లిన్ గారిని ఏమీ అనవద్దు. ఆమె చేసి ఉండదు. యంత్రంలోంచి జారితే నాగలి చాలు పట్టినట్టు ఒక గీతలో పడుతుంది. మడి అంతా సమంగా మారిందా, గీతగా మారిందా? అది చూడమని మీ ప్రొఫెసర్ గారికి చెప్పు.

ఇంకా రాయాలి. చెయ్యి రావడం లేదు. ఆరోగ్యం జాగ్రత్త.

మీ తాతయ్య


ప్రయోగ క్షేత్రం
సెప్టెంబర్ 18

ప్రియమైన తాతయ్యా,

నువ్వు చెప్పినట్టు వెళ్ళి చూశాం. గీత లేదు. మడి అంతా సమంగా మారింది, ఈ చివర నుంచి ఆ చివర దాకా. అంచు దాటి ఒక్క మొక్క కూడా మారలేదు. "ఇది యంత్రం పని కాదు, చేత్తో చల్లారు. అదీ బాగా చెయ్యి తిరిగినవాళ్ళు" అన్నారు ప్రొఫెసర్. ఇక్కడ చేత్తో చల్లడం వచ్చినవాళ్ళు ఎవరున్నారు? ఇప్పుడు ఇంకా భయంగా ఉంది. కావాలని చేశారంటే మిగతా మడుల్లో ఏం చేశారో! పైగా జాక్లిన్ మీద అనుమానం పూర్తిగా పోలేదు. షెడ్డు తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి.

ఈసారి నీ ఉత్తరం నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. బొమ్మల మాట ఎత్తలేదు. ఆవిడ చేయలేదేమో. మరి ఎవరు? ఇంకొకరి చేలో పనిగట్టుకుని యూరియా చల్లేది ఎవరు తాతయ్యా?

అత్త నన్ను వెతకడానికి వచ్చినప్పుడు నువ్వు ఆ మడుల దగ్గర చాలాసేపు ఒక్కడివే ఉన్నావు. ఎవరైనా కనపడ్డారా? గుర్తు చేసుకుని రాయి. ఏ చిన్న సంగతైనా సరే.

నీ,
సోనియా


గిరావీన్
సెప్టెంబర్ 23

ప్రియమైన సోనియాకు,

ఎవరైనా కనపడ్డారా అని అడిగావు. ఎవరూ లేరు. చల్లింది నేనే.

ఈ ముక్క రాయడానికి పది రోజులు పట్టింది. పోయిన ఉత్తరంలోనే రాద్దామని కూర్చున్నాను. గీత సంగతి రాసి ఆగిపోయాను. పిరికితనం. క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది.

ఆ రోజు మీరంతా టీకి షెడ్డు వైపు వెళ్ళారు. ఇద్దరు రైతులు వెనక్కి వచ్చి ఆ మడి ముందు నిలబడ్డారు. తల అడ్డంగా ఊపి నవ్వారు. ఏమన్నారో తెలియదు. నాకు వినబడదు, వినబడినా అర్థం కాదు. నవ్వు మాత్రం అర్థమైందనుకున్నాను. ఒక ఏడు మన ఊళ్ళో యూరియా దొరక్క నా వరి చేను అలాగే పాలిపోయింది. గట్టున నిలబడి నవ్వేవాళ్ళు. ఆ ఏడంతా దారి మార్చి చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి. నా మనవరాలి చేను చూసి నవ్వుతున్నారని మండిపోయింది. ఇంత చదువు చదివి ఒక మడికి ఎరువు వేయలేకపోయిందనుకుంటారని.

సున్నా సంగతి నువ్వు రాశావు. చదివాను. ఏమీ వేయకుండా పెంచడం కూడా ఒక పనేనని నా బుర్రకి ఎక్కలేదు. నేల ఎంత ఇస్తుందో మేం ఎప్పుడూ అడగలేదు. పక్కవాడు రెండు బస్తాలు వేస్తే మేం మూడు వేశాం. పండితే ఎరువు వల్ల అన్నాం, పండకపోతే చాలలేదన్నాం. నేల మాట ఎవరూ ఎత్తలేదు. నీ ఎనిమిదో తేదీ ఉత్తరం చదివాక తెలిసింది. నేను పాడుచేసింది ఆ నేల చెప్పబోయిన జవాబుని.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. ఇది మీ ప్రొఫెసర్ గారికి చెప్పాలి.

తేదీ ఆగస్టు తొమ్మిది, మధ్యాహ్నం టీ వేళ. షెడ్డు వెనక, ఎవరూ లేని వైపు, మూతి విప్పిన యూరియా బస్తా ఉంది. కుడి జేబులో రెండు గుప్పిళ్ళు, ఎడమ జేబులో రెండు పోసుకున్నాను. మూడో వరస సున్నా మడిలో ఆ చివరికి పోతూ రెండు, తిరిగి వస్తూ రెండు చల్లాను. గాలి లేదు. పక్క మడిలో ఒక్క గింజ పడలేదు. యాభై ఏళ్ళు చల్లిన చెయ్యి, ఆ సంగతి నేను బైబిల్ మీద చెప్పగలను. మిగతా మూడు సున్నా మడుల జోలికి పోలేదు. అవి నువ్వు ఎలా వదిలావో అలాగే ఉన్నాయి.

నిన్న అత్తతో తోట సామాన్ల కొట్టుకి వెళ్ళి చిన్న యూరియా సంచీ కొనిపించాను. వంటింటి త్రాసు మీద నా గుప్పెడు పదిసార్లు తూచాను. అన్నిసార్లూ అరవై గ్రాములకి రెండు అటు, రెండు ఇటు. నాలుగు గుప్పిళ్ళంటే రెండు వందల నలభై గ్రాములు. జేబులో మిగిలినవి నాలుగైదు గింజలే, వాటినే అత్త సగ్గుబియ్యం అంది. తూకం ఎందుకని అడిగితే తనకి మొత్తం చెప్పాను. త్రాసు తుడిచి లోపల పెట్టింది. తర్వాత "రేపు నేను ఫోన్ చేసి సోనియాకి చెబుతాలే నాన్నా" అంది. వద్దన్నాను. చల్లిన చెయ్యి నాది, రాయాల్సింది కూడా నేనే.

మిగతా మూడు సున్నా మడులు చెడలేదని తెలిస్తే నీ థీసిస్ నిలుస్తుందా? నాకు తెలియదు. నిలవాలని మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తున్నాను.

ఇంకొకటి. మిగతా సున్నా మడులకి కూడా చల్లుదామనే మళ్ళీ బస్తా దగ్గరికి నడిచాను. ఇంతలో జాక్లిన్ గారు టీ కప్పు పట్టుకుని ఎదురు వచ్చింది. కప్పు అందుకుంటుంటే నా అరచెయ్యి చూసింది. తెల్లగా, యూరియా పొడితో ఉంది. నా ముఖం చూసింది. జేబురుమాలు తీసి ఇచ్చింది. తుడుచుకుని ఆమె ఇచ్చిన టీ తాగాను. ముసలాడు బస్తా తడిమి చూశాడనుకుందేమో అని అప్పుడు సర్దిచెప్పుకున్నాను. తాతగారు ఎలా ఉన్నారని నిన్ను అడిగిందని రాశావు చూడు, అప్పుడు నాకు తెలిసింది. ఆమె మాట మార్చలేదు తల్లీ. ఆమెకి తెలుసు. నీ తాతని పట్టివ్వలేక ఇన్నాళ్ళూ నీ మాట పడింది.

ఆ రుమాలు ఉతికి మడత పెట్టి ఉంచాను.

అక్టోబర్ రెండున రైలుకి టికెట్ తీయించాను. ఒక్కడినే వస్తాను. శుక్రవారం పది గంటలకి ఆ గదిలో నేను నిలబడతాను. కొత్తవాళ్ళ ముందు నాకు నోరు పెగలదని నీకు తెలుసు. అయినా చెబుతాను. నేను తెలుగులో చెప్పింది నువ్వు ఇంగ్లీషులో చెప్పు, ఏదీ తగ్గించకుండా. నమ్మకపోతే నాలుగు గుప్పిళ్ళు వాళ్ళ త్రాసు మీదే పోసి చూపిస్తాను. ముందు మాత్రం జాక్లిన్ గారి దగ్గరికి వెళ్దాం. నువ్వూ నేనూ.

నీకు కోపం వచ్చి ఉంటుంది. రావాలి కూడా. నువ్వు వద్దన్నా వస్తాను. కానీ 'రా తాతయ్యా' అని ఒక్క ముక్క రాశావంటే, ఆ రైల్లో ఆరు గంటలూ కాస్త కుదురుగా కూర్చోగలను. రెండో తేదీలోగా నాకు అందేట్టు, ఇది చదవగానే జవాబు రాయి తల్లీ.

మీ తాతయ్య,
బాలశౌరి