నాన్న దిండు నవ్వు

చిన్నోడా, నేను కులాసాగానే ఉన్నాను, దిగులుపడకు. గడ్డ ఉన్న పెద్దపేగు ముక్క తీసేశారు. క్యాన్సర్ ఇంకెక్కడికీ పాకలేదన్నారు. పొట్ట పొడుగునా కోయలేదురా, చిన్న కన్నాలు పెట్టి కెమెరాతో చూస్తూ చేశారు. మర్నాడే నర్సు వరండాలో నడిపించింది.

ఇదే జబ్బుకి నాన్నను రొమ్ము కింద నుంచి బొడ్డు దాటేదాకా కోసిన రోజులు గుర్తొచ్చాయి. నవ్విస్తే కుట్లు ఊడతాయని అమ్మ మనల్ని గదిలోకి రానిచ్చేది కాదు. ఆయనేమో దిండు పొట్టకు అదుముకుని, "రండర్రా! నవ్వకుండా బతకడానికా ఇన్ని కుట్లు వేయించుకున్నాను?" అని పిలిచేవాడు. నిన్న మీ బావ చొక్కా తిరగేసి తొడుక్కొచ్చారు. నేనూ దిండు అదుముకుని నవ్వాను, నవ్వుతూనే నాన్న కోసం ఏడ్చేశాను. "నొప్పిగా ఉందా?" అని ఆయన ఒకటే కంగారు.

అక్కడ మనింటి వెనక గోడ చెమ్మ ఆరిందా? నా కుట్టుమిషను అక్కణ్ణించి జరపండి.

అసలు సంగతి. ఇది మన రక్తంలోనే ఉండొచ్చట. "మీ తమ్ముడికీ పేగు పరీక్ష చేయించండి" అంది డాక్టరమ్మ. పని ఉందని సాకులు చెప్పకు. ఆ పరీక్ష అయ్యాకే నన్ను చూడ్డానికి రా, అంతవరకూ నీకు తలుపు తెరవను. మరదలికీ పిల్లలకూ దీవెనలు.

అక్క